మెడ చూసి కొనాలి, కడుపు తరువాత బాగుచేసుకోవచ్చు: తక్కువ ధర రెసొనేటర్ గిటారు గురించి
(మహబూబ్‌నగర్‌లో సంగీతాభిమానుల సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను పరిచయం చేసిన పెద్దలు అభిమానం కొద్దీ నన్ను గిటారు విద్వాంసుడన్నారు. నేను నల్లగొండలో ఇరవై ఎనిమిదేళ్ళు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారిని. నా వాయింపు అంతంతమాత్రమే, దొరికిన వస్తువునల్లా విప్పి చూసే జబ్బు మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ జబ్బు పుణ్యమా అని ఈ పదేళ్ళలో ఎనిమిదో తొమ్మిదో రెసొనేటర్ గిటార్లు నా చేతుల మీదుగా వెళ్ళాయి, అన్నీ సామాన్య ధరవే. ఈ రోజు చెప్పబోయేది వాటి దగ్గర నేర్చుకున్నదే. తక్కువ ధర గిటారును ఎలా ఎంచుకోవాలి, ఎంచుకున్న తరువాత దేని మీద ఖర్చు పెట్టాలి, దేని మీద పెట్టకూడదు అన్నంతవరకే నా మాట.

ఈ బల్ల మీద ఉన్నదే ఆ వాద్యం. నడుమ చిల్లుల మూతతో కారు చక్రపు టోపీని గిటారుకు బిగించినట్టు కనిపిస్తుంది. దీని పని ఏమిటో పాలమూరు గడ్డ మీద చెప్పడం చాలా సులువు, ఎందుకంటే కిన్నెర మీ జిల్లా వాద్యం. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారి చేతిలో పన్నెండు మెట్ల కిన్నెరను మీరంతా చూసే ఉంటారు. వెదురు దండె మీద తీగ ఒక్కటే మోగితే ఆ ధ్వని పక్క మనిషికి కూడా సరిగా చేరదు. తీగ సన్నది, దానికి గాలిని కదిలించే వెడల్పు లేదు. దండెకు కట్టిన ఎండు ఆనపకాయ బుర్రలు ఆ కదలికను అందుకుని గాలికి అందిస్తేనే కథ వినడానికి కూర్చున్న జనం చివరి వరుస దాకా పాట పోతుంది. రెసొనేటర్ గిటారులో ఆ బుర్ర చేసే పనిని శంకువు ఆకారపు పలుచని అల్యూమినియం కోన్ ఒకటి చేస్తుంది. మైకులు లేని కాలంలో కిన్నెర వాయించేవారికి ఏ అవసరం వచ్చిందో, 1920లలో అమెరికాలోని లాస్ ఏంజెల్స్‌లో గిటారు వాయించేవారికి కూడా అదే అవసరం వచ్చింది.

అక్కడ జార్జ్ బీచమ్ అనే రంగస్థల కళాకారుడు ఒళ్ళో పెట్టుకుని స్టీలు కడ్డీతో జారుస్తూ గిటారు వాయించేవాడు. బాకాలు, డ్రమ్ముల మధ్య తన వాద్యం వినబడడం లేదని ఆయన జాన్ డోప్యేరా అనే స్లొవాక్ వలసదారుడి దగ్గరకు వెళ్ళాడు. డోప్యేరా లోహపు ఒడలు చేసి, అందులో ఆరేసి అంగుళాల వ్యాసం గల మూడు కోన్‌లను అమర్చి, వాటి మీద, తీగల కదలికను కోన్‌లకు చేర్చే బ్రిడ్జి ఒకటి టి అక్షరం ఆకారంలో పెట్టాడు. 1927 నాటికి అది నేషనల్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. తరువాత ఇద్దరికీ పొసగక డోప్యేరా బయటకు వచ్చి అన్నదమ్ములతో కలిసి మరో రకం కోన్‌తో డోబ్రో పేరిట గిటార్లు చేశాడు. డోప్యేరా బ్రదర్స్ అన్న మాటకు అది పొట్టి రూపం, పైగా స్లొవాక్ భాషలో ఆ మాటకు మంచి అనే అర్థం కూడా ఉంది. ఆ పేరు మీద హక్కు ఇప్పుడు గిబ్సన్ సంస్థది; జనం మాత్రం ఆ రకం గిటారు ఎవరు చేసినా డోబ్రో అనే అంటారు. ఇందులో ఒక చమత్కారం ఉంది. శబ్దం చాలడం లేదని ఈ వాద్యం పుట్టడానికి కారకుడైన బీచమే, కొన్నేళ్ళకు కరెంటుతో పలికే గిటారును తయారుచేయడంలోనూ ముందు నిలిచి, రెసొనేటర్ అవసరాన్ని తానే తగ్గించేశాడు. అయినా ఇది ఎందుకు బతికిందంటే, శబ్దం కోసం పుట్టిన కోన్ ఒక ప్రత్యేకమైన గొంతును కూడా తెచ్చిపెట్టింది, ఆ గొంతు వేరే వాద్యంలో దొరకదు.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. పండిత్ విశ్వమోహన్ భట్ గారి మోహన వీణను విని, అలాంటిదే కావాలంటూ రెసొనేటర్ కొన్నవారు నాకు ఇద్దరు తెలుసు. మోహన వీణలో కోన్ ఉండదు. అది తరప్ తీగలు, అంటే మీటకుండానే తోడుగా మోగే తీగలు కలిపి మార్చుకున్న చెక్క గిటారు. జార్చి వాయించే పద్ధతి ఒకటే కావడం వల్ల, మన చిత్రవీణ కూడా అదే పద్ధతిది కావడం వల్ల, చెవికి చుట్టరికం వినిపిస్తుంది. మీకు కావలసింది ఆ తరప్ తీగల గుంజనమే అయితే ఈ గిటారు మీద ఎంత ఖర్చు పెట్టినా అది రాదు.

కోన్‌లలో మూడు రకాలు ఉన్నాయి, వాటి తేడా తెలియకుండా డబ్బు తీయకూడదు. మొదటిది నేను చెప్పిన మూడు కోన్‌ల పద్ధతి, దాన్ని ట్రైకోన్ అంటారు. ధ్వని మెత్తగా, నిలకడగా ఉంటుంది. రెండోది బిస్కెట్ రకం. తొమ్మిదిన్నర అంగుళాల కోన్ ఒకటి బోర్లించినట్టు ఉంటుంది, దాని శిఖరం మీద గుండ్రని చిన్న చెక్క బిళ్ళ, బిళ్ళలో తీగలు ఆనే సన్నని ముక్క, అదే శాడిల్. తీగ మీటిన మరుక్షణం ధ్వని ఠంగుమని ముందుకు దూకి, అంతే తొందరగా అణగిపోతుంది. మూడోది స్పైడర్ రకం. పదిన్నర అంగుళాల కోన్ గిన్నెలా వెల్లకిలా కూర్చుని ఉంటుంది, దాని అంచు మీద సాలీడు కాళ్ళలాంటి ఎనిమిది కాళ్ళ అల్యూమినియం బ్రిడ్జి నిలబడుతుంది, నడుమ ఒక మర స్పైడర్‌ను కోన్ కేంద్రానికి కలుపుతుంది. దీని ధ్వని కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది, బిస్కెట్ కంటే ఎక్కువసేపు సాగుతుంది. ఒక రకం కోన్ మరో రకం గిటారులో పట్టదు కాబట్టి ఇప్పుడు ఎంచుకున్న రకంతోనే మీరు ఎప్పటికీ ఉంటారు. నా అభిప్రాయం అడిగితే, తక్కువ ధరలో ట్రైకోన్ జోలికి వెళ్ళవద్దు. మూడు కోన్‌లంటే మూడు చోట్ల గరగర రావచ్చు, రేపు మార్చాలంటే మూడు కొనాలి. బిస్కెట్‌లో భాగాలు తక్కువ కనుక చిక్కులు కూడా తక్కువే. స్పైడర్‌లో చిక్కులు ఎక్కువ, అయితే ఓపికతో సరిచేసుకునే వీలూ ఎక్కువే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మామూలు చెక్క గిటారులో పై పలకే ప్రాణం. తీగల లాగుడంతా ఆ పలక మీద అతికించిన బ్రిడ్జి మీదనే పడుతుంది, ధ్వనీ ఆ పలకదే. తక్కువ ధర గిటారులో అది ప్లైవుడ్ అయితే మీరు ఎన్ని తీగలు మార్చినా, ఎంత మంచి శాడిల్ పెట్టినా, అది జీవితాంతం ప్లైవుడ్ గిటారే. రెసొనేటర్‌లో పై పలకకు నడుమ పెద్ద గుండ్రని రంధ్రం తప్ప ఏమీ లేదు. తీగల ఒత్తిడి కోన్ మీద పడుతుంది, ధ్వనిలో పెద్ద వాటా కోన్ నుంచే వస్తుంది, ఆ కోన్ అతుకు, మేకు లేకుండా ఊరికే ఒక గట్టు మీద కూర్చుని ఉంటుంది. ఒడలు చెక్కదా లోహపుదా అన్న తేడా వినబడదని నేను అనడం లేదు, బాగానే వినబడుతుంది. కానీ ప్లైవుడ్ ఒడలు ఇక్కడ చేసే నష్టం మామూలు గిటారులో చేసే నష్టంలో కొద్దిపాటిదే. అంటే తక్కువ ధర వాద్యాన్ని కొని లోపలి ప్రాణాన్ని మార్చుకోగల అరుదైన అవకాశం ఈ ఒక్క గిటారులోనే ఉంది. కాబట్టి కొనేటప్పుడు రేపు మార్చలేని వాటినే పరీక్షించాలి, మార్చగల వాటిని క్షమించాలి. దుకాణానికి వెళ్ళిన కుర్రవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు: ఒక తీగ మీటి, శబ్దం బాగుందని కొనేస్తారు.

మార్చలేనిది మెడ. గిటారును తల వైపు నుంచి కంటికి ఆనించి, తుపాకి గురి చూసినట్టు మెడ అంచు వెంట చూడండి, మెలి ఉంటే అక్కడే తెలుస్తుంది. తరువాత మొదటి తీగను మొదటి మెట్టు దగ్గర ఒక వేలితో, మెడ ఒడలితో కలిసే మెట్టు దగ్గర మరో వేలితో నొక్కి, నడుమ తీగకు మెట్టుకు మధ్య సందు ఎంత ఉందో చూడండి. సన్నని అట్టముక్క దూరేంత సందు ఉండాలి; అగ్గిపుల్ల దూరితే మెడ వంగిందని అర్థం. లోపల సవరణ కడ్డీ ఉన్న గిటారైతే ఆ వంపును కొంత దిద్దవచ్చు, మెడ ఒడలితో కలిసే కోణం తప్పు అయితే మాత్రం దిద్దలేరు. పన్నెండో మెట్టు దగ్గర తీగ నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తున ఉండి, ఇటు శాడిల్ అప్పటికే బాగా కిందికి ఉంటే, ఆ గిటారును మర్యాదగా గోడకు తగిలించి రండి. మామూలు గిటారులో అయితే శాడిల్‌ను మరికొంత అరగదీస్తారు; ఇక్కడ శాడిల్ తగ్గిస్తే తీగ శాడిల్ మీద నుంచి, తీగల చివరలను పట్టుకునే టెయిల్‌పీస్‌కు దిగే వంపు తగ్గిపోతుంది, వంపు తగ్గితే కోన్ మీద ఒత్తిడి చాలదు, ఒత్తిడి చాలకపోతే ధ్వని పీలగా మారి గరగర మొదలవుతుంది. పైగా చేతిని ఆనించుకునే పట్టీకి తీగలు తగులుతాయి.

మెడలో రౌండ్ నెక్, స్క్వేర్ నెక్ అని రెండు రకాలు. స్క్వేర్ నెక్ గిటారులో తీగలు మెట్ల మీద సుమారు సెంటీమీటరు ఎత్తున ఉంటాయి, ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని స్టీలు కడ్డీతో జార్చడమే తప్ప వేళ్ళతో నొక్కి వాయించలేరు. వీణ, చిత్రవీణ అలవాటున్నవారికి అది సహజంగా కుదురుతుంది. గిటారు నుంచి వచ్చేవారికి నేను రౌండ్ నెక్ కొనమంటాను. ఒళ్ళో పెట్టి వాయించాలన్న సరదా ఉంటే మెడ తల దగ్గర తీగలు ఆనే నట్ మీద తొడిగే లోహపు తొడుగు ఒకటి తక్కువ ధరకే దొరుకుతుంది, దాన్ని పెడితే తీగలు పైకి లేస్తాయి. నాలుగు నెలలు అలా వాయించాక మనసు నిలిస్తే అప్పుడు స్క్వేర్ నెక్ కొనుక్కోవచ్చు. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఒళ్ళో వాయించే డోబ్రో కళాకారులు మంద్ర తీగ నుంచి వరుసగా, పాశ్చాత్య స్వరాల పేర్లలో, జి, బి, డి, జి, బి, డి అని శ్రుతి చేస్తారు. ఆ శ్రుతిలో మంద్రపు రెండు తీగలు మామూలు స్థాయి కంటే బాగా బిగుసుకుంటాయి. రౌండ్ నెక్ గిటారును మామూలు తీగలతో ఆ శ్రుతికి లాగితే మెడకు ప్రమాదం. దానికి డి, జి, డి, జి, బి, డి శ్రుతి చాలు, ఏ తీగనూ అదనంగా లాగవలసిన పని లేదు.

ఒడలి గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. లోహపు ఒడళ్ళలో ఉక్కువి, ఇత్తడివి ఉంటాయి. మొదటి నేషనల్ గిటార్లు జర్మన్ సిల్వర్‌తో చేసినవి. పేరులో సిల్వర్ ఉందే కానీ అందులో రాగి, నికెల్, జింకు తప్ప వెండి ఏమీ లేదు, మన ఇళ్ళలో అల్యూమినియం గిన్నెను సిల్వర్ గిన్నె అన్నట్టే. ఖరీదైనదే బాగుంటుందనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో నేషనల్ సంస్థ ఉక్కు రేకుకు రంగు వేసి డ్యూలియన్ అనే చౌక గిటారును అమ్మింది, బుక్కా వైట్ వంటి బ్లూస్ గాయకుల చేతిలో మోగింది ఆ చౌక గిటారే. ఈనాడు గ్రెచ్, రికార్డింగ్ కింగ్, రీగల్, ఎపిఫోన్, గోల్డ్ టోన్ పేర్లతో వచ్చే సామాన్య ధర గిటార్లు చాలావరకు ఆసియా ఫ్యాక్టరీలలో తయారవుతున్నాయి. వాటిలో పేరును బట్టి కాక, చేతిలో ఉన్న ఆ ఒక్క గిటారు మెడను బట్టి నిర్ణయించుకోవాలి. ఒకే పేరుతో పక్కపక్కన ఉన్న రెండింటిలో ఒకటి ముత్యంలా, మరొకటి మొండిఘటంలా ఉండడం నేను చూశాను. చేత్తో చూడకుండా తెప్పించుకోవలసి వస్తే, వెనక్కి ఇచ్చే వీలుందో లేదో ముందే అడగండి. మరొక మాట, దాచుకున్న సొమ్మంతా గిటారుకే పెట్టకండి. నాలుగో వంతు పక్కన ఉంచండి, దాని పని తరువాత ఉంటుంది.

ఆ నాలుగో వంతును ఎప్పుడు తీయాలో చెప్పడానికి మా మేనల్లుడి కథ చెబుతాను. జడ్చర్లలో ఉంటాడు. స్పైడర్ రకం గిటారు ఒకటి కొన్నాడు. నెల తిరగకముందే మూడో తీగ మీటితే పాత తాటాకు రెపరెపలాడినట్టు గరగర మొదలైంది. అమ్మిన దుకాణంలో అడిగితే కోన్ నాసిరకం, మంచిది తెప్పించి వేసుకో అన్నారట. విదేశం నుంచి తెప్పించాడు, నెలన్నర ఎదురుచూశాడు, సుంకం కట్టాడు, జాగ్రత్తగా బిగించాడు. గరగర ఉన్నచోటే ఉంది. అప్పుడు నల్లగొండ వచ్చి, మామా, దీన్ని నువ్వే ఉంచుకో అని నా వాకిట్లో పెట్టాడు. నేను మూత విప్పి, స్పైడర్ ఒక్కో కాలి కింద సన్నని కాగితపు ముక్క దూర్చి చూశాను. ఏడు కాళ్ళ కింద కాగితం పట్టుకుంది, ఎనిమిదో కాలి కింద హాయిగా అటు నుంచి ఇటు వచ్చింది. ఆ కాలు కోన్ అంచును సరిగా తాకక, తీగ మోగినప్పుడల్లా తట్టుతూ ఉంది. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, స్పైడర్‌ను దాని మీద అరగంటసేపు మెల్లగా రుద్ది ఎనిమిది కాళ్ళనూ ఒక మట్టానికి తెచ్చాం. పాత కోన్‌నే మళ్ళీ పెట్టి తీగలు బిగిస్తే గరగర లేదు. కొత్త కోన్‌ను బీరువాలో పెట్టి ఆరు నెలల తరువాత ఇస్తానన్నాను. వాడికి కోపం వచ్చింది కానీ, తన గిటారు అసలు గొంతు ఏమిటో ఆ ఆరు నెలల్లోనే తెలిసింది.

కనుక మొదట విప్పడం నేర్చుకోవాలి. ఇప్పుడు విప్పుతున్నాను, దగ్గరకు రావాలనుకునేవారు రావచ్చు.

(ఇక్కడ వక్త గిటారును బల్ల మీద పరిచిన దుప్పటి మీద పెట్టి, విప్పుతూ మాట్లాడారు.)

తీగలను తెంచవలసిన పని లేదు. బాగా వదులు చేసి, మొదటి మెట్టు దగ్గర తీగలను అదిమిపట్టే కేపో ఇలా బిగిస్తే బిరడాల దగ్గర చుట్లు జారిపోవు. టెయిల్‌పీస్‌ను కింది గుబ్బ నుంచి తప్పిస్తే తీగలన్నీ కలిసి పక్కకు వస్తాయి. కవర్ ప్లేటు, అంటే ఈ చిల్లుల మూత మరలు తీసేముందు, ప్లేటు ఏ దిక్కున ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మరలు చిన్నవి, చెక్క మెత్తనిది. ఒకటి రెండుసార్లు విప్పి బిగించేసరికి కొన్ని మరలు ఊరికే తిరుగుతాయి. ఆ రంధ్రంలో అగ్గిపుల్ల ముక్కను కాస్త జిగురుతో దూర్చి, ఆరాక బిగిస్తే గట్టిగా పట్టుకుంటుంది. చాలామంది కోన్ మీద వేసే నింద నిజానికి వదులైన ఈ మరలదే.

ఇదిగో కోన్. దీన్ని ఎప్పుడూ అంచు దగ్గరే పట్టుకోవాలి. నడుమ బొటనవేలు కాస్త ఒత్తితే సొట్ట పడుతుంది, ఆ సొట్టను మళ్ళీ తీయలేరు. కోన్ కూర్చునే గట్టు మీద రంపపు పొట్టు, జిగురు బొట్లు ఉంటాయి, ఫ్యాక్టరీలో తుడిచే తీరిక వాళ్ళకు ఉండదు. గోటితో తడిమి, అవన్నీ గీకి శుభ్రం చేయండి. కోన్‌ను ఆ గట్టు మీద కొద్ది కొద్దిగా తిప్పుతూ చూస్తే, ఎక్కడో ఒకచోట కదలకుండా సర్దుకుంటుంది. కదులుతోంది కదా అని జిగురు పెట్టకండి, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచాలి. స్పైడర్ నడిమి మరను మాత్రం తీగలు పూర్తి శ్రుతిలోకి వచ్చాకే బిగించాలి. మర పట్టుకున్నట్టు చేతికి తెలిసిన తరువాత పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. బలం ఉంది కదా అని తిప్పితే కోన్ నడుము లాగేసి గొంతు నొక్కినట్టు అవుతుంది.

ఇంకా గరగర ఉంటే, ఒకరు ఆ తీగను మీటుతూ ఉండగా మరొకరు ఒక్కో భాగాన్ని వేలితో మెల్లగా నొక్కాలి. టెయిల్‌పీస్‌ను నొక్కినప్పుడు ఆగితే దాని కింద ఉన్ని గుడ్డ ముక్క పెట్టండి. పై పలక మీది జాలీలను నొక్కినప్పుడు ఆగితే అవి వదులయ్యాయి. బిరడాల గుండీలు, చేతి పట్టీ, ఆఖరుకు నట్ అవతల మిగిలిన తీగ ముక్క కూడా మోగుతాయి. దొంగ దొరికేదాకా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకూడదు.

ఖర్చు మొదలుపెట్టవలసింది తీగల దగ్గర. మన పట్టణాల దుకాణాల్లో గిటారుకు అలవాటుగా వేసేది పది నంబరు తీగల సెట్టు, అంటే మొదటి తీగ 0.010 అంగుళాల మందం. వేళ్ళకు సుఖం, కోన్‌కు ఆకలి. కోన్ పలకాలంటే దాన్ని నొక్కే బరువు కావాలి. రౌండ్ నెక్‌కు పన్నెండో పదమూడో నంబరు సెట్టు వేయండి. స్క్వేర్ నెక్‌కు 0.016 నుంచి 0.056 అంగుళాల దాకా ఉండే ప్రత్యేకమైన సెట్టు దొరుకుతుంది. ఈ ఒక్క మార్పుతో కోన్ మార్చారా అని అడిగినవారు ఉన్నారు.

తరువాతిది శాడిల్. తీగకు కోన్‌కు మధ్య వారధి అది. తక్కువ ధర గిటార్లలో అది పేరు తెలియని మెత్తని చెక్కో ప్లాస్టిక్కో అయి ఉంటుంది, తీగల గాడులు మరీ లోతుగా, వెడల్పుగా ఉంటాయి. గట్టి మేపుల్ చెక్క శాడిల్ వేసి, తీగ మందంలో సగం మాత్రమే దిగేలా గాడి తీస్తే, ధ్వని అంచులు తేరుకుంటాయి. స్పైడర్ రకంలో కొందరు మేపుల్ మీద నల్లచేవ, అంటే ఎబొనీ చెక్క అంచు అతికిస్తారు, దాని వల్ల పై స్వరాలు మరింత తేటగా ఉంటాయి. మేపుల్ మనవైపు పెరగదు. నల్లచేవ చెట్టు అలా కాదు, మన నల్లమలలో బీడీ ఆకు కోసే తునికి చెట్టు ఎబొనీ కుటుంబానిదే, ముదిరిన చెట్టు చేవ నల్లగా, ఇనుములా ఉంటుంది. అడవిలో చెట్టు నరకమని చెప్పడం లేదు. నేను మాత్రం ఒక పాత పనిముట్టు పిడి నుంచి వేలెడు ముక్క కోసుకుని రెండు గిటార్లకు అంచులు వేశాను. ఇదిగో, ఈ గిటారుకు ఉన్నది అదే.

అప్పుడు కోన్. చౌక కోన్‌లు చాలావరకు రేకును అచ్చులో నొక్కి తీసినవి, కాస్త మందం. మంచి కోన్‌ను, పలుచని అల్యూమినియం బిళ్ళను లేత్ మీద తిప్పుతూ, కుమ్మరి మట్టిని పైకి తీసినట్టు, పనిముట్టుతో అచ్చు మీదకు ఒత్తుతూ తీస్తారు. పలుచగా ఉండాలి, అయినా బిగువుగా ఉండాలి. బరువు తక్కువైతే తీగ ఇచ్చిన కొద్దిపాటి శక్తికి కూడా కదులుతుంది, బిగువు ఉంటే వంగిపోకుండా మొత్తంగా కదులుతుంది. రెండు కోన్‌లను అంచు దగ్గర వేలాడదీసి గోటితో తట్టితే తేడా తెలుస్తుంది. నేషనల్ రెసోఫోనిక్, క్వార్టర్‌మన్, బియర్డ్ పేర్లతో వచ్చేవి నమ్మదగినవి. తక్కువ ధరలోనే గ్రెచ్ వంటివారు చేత్తో లేత్ పట్టిన కోన్ వేసి ఇచ్చే గిటార్లు కూడా ఉన్నాయి, అలాంటిది మీ దగ్గర ఉంటే కోన్ మార్చడానికి తొందరపడకండి. ఆర్డరు పెట్టేముందు మీ గిటారు గట్టు వ్యాసాన్ని, లోతును మిల్లీమీటర్లలో కొలవండి. ఆసియా గిటార్లలో గట్టు కొలత ఒక్కోసారి కాస్త తేడాగా ఉంటుంది, చెక్క గట్టును ఉలితో సవరించవచ్చు కానీ కోన్ అంచును కత్తిరించకూడదు. కొత్త కోన్ వేసిన రోజు ధ్వని గరుకుగా, కొంచెం అరుపులా ఉంటుంది, కొన్ని వారాల ఒత్తిడికి సర్దుకుంటుంది. మొదటి రోజే నిరాశపడి పాతది పెట్టినవారిని చూశాను.

బిరడాలు శ్రుతి జారుతుంటే తప్ప మార్చకండి, మెరుపు కోసం అసలే వద్దు. ఎముక నట్ మంచిదే, అవసరం మాత్రం తక్కువ. సభల్లో వాయించేవారు పికప్ గురించి, అంటే గిటారు ధ్వనిని స్పీకరుకు పంపడానికి కరెంటుగా మార్చే పరికరం గురించి అడుగుతారు. బిస్కెట్ కింద పెట్టేవి, స్పైడర్ కోసమే చేసినవి విడివిడిగా ఉంటాయి, మామూలు గిటారు పికప్ తెచ్చి ఇందులో ఇరికిస్తే కోన్ గొంతు పోయి ప్లాస్టిక్ గొంతు మిగులుతుంది. మీరు ఏడాదికి మూడు నాలుగు సభల్లో వాయించేవారైతే, కవర్ ప్లేటుకు జానెడు దూరంలో ఒక మంచి మైకు నిలబెట్టడమే మేలు. పికప్ డబ్బు కోన్‌కు వస్తుంది.

చివరగా మన ఎండల సంగతి. నల్లగొండలో మే నెలలో నలభై నాలుగు డిగ్రీలు మామూలు, మూసిన కారులో అంతకంటే చాలా ఎక్కువ. లోహపు ఒడలు కదా, దీనికేమవుతుందని కారు వెనక సీటులో వదిలేసేవారున్నారు. మెడ చెక్కదే, అతుకులు జిగురువే. వేసవి పొడికి మెట్ల పలక కొద్దిగా కుంచించుకుపోయి మెట్ల కొసలు బయటకు వచ్చి వేళ్ళకు గీసుకుంటాయి, అప్పుడు కొసలను సన్నని ఆకురాయితో నున్నగా చేయించుకోవాలి. ఉక్కు ఒడలికి వానాకాలం చెమట చేతులతో తుప్పు పడుతుంది, వాయించాక పొడి గుడ్డతో తుడవండి. ఆర్నెల్లకోసారి మూత విప్పి, కాళ్ళ కింద కాగితం పెట్టి చూడండి. కోన్ ఏళ్ళ తరబడి ఒత్తిడికి కొద్దికొద్దిగా దిగుతుంది, దిగిన కొద్దీ తీగల ఎత్తు తగ్గి మెట్లకు తగులుతాయి. అలా తగిలినప్పుడు మెట్లను అరగదీయించడానికి పరిగెత్తకండి, ముందు కోన్‌ను చూడండి.

నా మాట ఇక్కడికి పూర్తయింది. ఈ గిటారును ఇంకా బిగించలేదు, పాత కోన్, కొత్త కోన్ రెండూ బల్ల మీదే ఉన్నాయి. ఇద్దరిద్దరుగా వచ్చి అంచు పట్టుకుని తట్టి చూడండి, ప్రశ్నలు అప్పుడే అడగవచ్చు. నడుమ మాత్రం బొటనవేలు పెట్టకండి.